ఓనరు లేని యూనివర్సిటీ

మా నాయన జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఆయన దృష్టిలో కాలేజీలు రెండే రకాలు. ఒకటి గవర్నమెంటువి, రెండోది గవర్నమెంటులో సీటు రానోళ్ళు డబ్బు కట్టి చదివేవి. మేం పెరిగిన రోజుల్లో అనంతపురంలో ఉండి చూస్తే ఈ లెక్క మరీ తప్పేం కాదు. 1916లో మొదలైన ఆర్ట్స్ కాలేజీ ఉంది. 1946లో మద్రాసు గిండీలో పుట్టి, రెండేళ్ళకు మా ఊరికి వచ్చి, తర్వాత జేఎన్టీయూలో కలిసిన ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. 1981లో ఊరి బయట శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ వచ్చింది. అన్నీ సర్కారువే. డొనేషన్ కట్టి చదవాలంటే కర్ణాటకకు పోయేవాళ్ళు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఫ్రీ సీటు, పేమెంటు సీటు అని ఇళ్ళలో కొత్త మాటలు మొదలయ్యాయి. మా చిన్నాయన కొడుక్కి పేమెంటు సీటు వస్తే, నాయన వాడి ముందరే "దుడ్లు కట్టేసినారు కదా, ఇంక సదవకపోయినా ఏం కాదులే" అన్నాడు. చిన్నమ్మ చానా రోజులు మా గడప తొక్కలేదు.

అట్లాంటి ఇంటికి 1995 చివర్లో అమెరికా నుంచి ఒక లావుపాటి కవరు వచ్చింది.

మా అన్న అప్పుడు జేఎన్టీయూలో ఈసీఈ ఆఖరి సంవత్సరం. ఇంటర్నెట్టు ఇంకా మా ఊరి దాకా రాలేదు. సీనియర్ల దగ్గర అడ్రసులు రాసుకుని ఎయిర్‌మెయిల్ ఉత్తరం పడేస్తే, అక్కడి యూనివర్సిటీలు అప్లికేషన్ ఫారాలు, రంగుల పుస్తకాలు పంపేవి. హాస్టల్లో ఒకడికి వచ్చిన పుస్తకం పదిమంది చదివేవాళ్ళు. అన్నకు అంతకుముందు వచ్చినవన్నీ పల్చటి కవర్లు. దీన్ని మాత్రం పోస్ట్‌మ్యాన్ సైకిల్ క్యారియర్‌కు కట్టుకొచ్చాడు. లోపలి పుస్తకం మీద యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా, లాస్ ఏంజిల్స్ అని ఉంది.

మొదట జేజి తిరగేసింది. ఎర్ర ఇటుకల భవనాలు, పొడుగాటి ఈతచెట్ల మాదిరి చెట్లు, నడుమ ఒక కంచు విగ్రహం, ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో డాలు. "ఈ సామి ఎవరప్పా?" అంది. సామి కాదని, ట్రాయ్ నగరపు వీరుడని, పిల్లలు టామీ ట్రోజన్ అని పిలుస్తారని అన్న చెప్పాడు. "సామి కాకపోతే అంత ఎత్తున ఎందుకు పెట్టినారు" అని పుస్తకం అమ్మ చేతికిచ్చేసింది. అమ్మ అన్నం సంగతి ఎక్కడైనా రాసుందా అని వెతికి, కనపడక, నాయనకిచ్చింది.

నాయన మొదటి పేజీలోనే ఆగిపోయాడు. "ప్రైవేటా?"

"ప్రైవేటే నాయనా. స్టాన్‌ఫోర్డు ప్రైవేటే. హార్వర్డు ప్రైవేటే."

"ప్రైవేటులో చేరేదానికి అమెరికా దాకా ఎందుకురా? బెంగుళూరు ఉంది గదా, రాత్రి బస్సెక్కితే తెల్లారికి దిగుతావు. సరే, ఓనరు ఎవరు?"

అన్న దగ్గర సమాధానం లేదు. చదువు చెప్పే ప్రొఫెసర్ల పేర్లు తెలుసు. ఎందులో సీటొస్తుందో, ఏ సీనియరుకు ఎంత స్కోరుకు ఎక్కడ వచ్చిందో తెలుసు. ఓనరు ఎవరో తెలీదు. ఆ రాత్రి నుంచి పుస్తకం నాయన దగ్గరే ఉండిపోయింది. పెన్సిలు, డిక్షనరీ పక్కన పెట్టుకుని, కరెంటు పోతే లాంతరు దగ్గరికి జరుపుకుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు చదివాడు. కోర్సుల పేజీలు అన్నవి, చరిత్ర పేజీలు నాయనవి. కొన్ని సంగతులు గట్టిగా చదివి మాకు వినిపించేవాడు. అందుకే ఆ యూనివర్సిటీ పుట్టుక నాకు మా ఊరి పుట్టుక కన్నా బాగా తెలుసు.

1880లో మొదలైంది. అప్పటికి లాస్ ఏంజిల్స్ జనాభా పదకొండు వేల చిల్లర. రోడ్లు వేయలేదు, కరెంటు దీపాల్లేవు. రాబర్ట్ విడ్నీ అనే జడ్జికి ఇక్కడొక యూనివర్సిటీ పెట్టాలని పట్టుదల పుట్టింది. ముగ్గురు కలిసి 308 ప్లాట్ల స్థలం దానమిచ్చారు. ఒకాయన ప్రొటెస్టెంటు, మొక్కల వ్యాపారం. ఇంకొకాయన ఐర్లండు నుంచి వచ్చిన క్యాథలిక్, అంతకుముందు ఆ రాష్ట్రానికి గవర్నరుగా చేసినవాడు. మూడో ఆయన జర్మనీ నుంచి వచ్చిన యూదు బ్యాంకరు. కాలేజీయేమో మెథడిస్టు చర్చి నీడలో నడిచేది. నాయన అక్కడ ఆగి కళ్ళద్దాలు తీసి, "ముగ్గురూ మూడు దార్లు, ఇచ్చింది నాలుగో వాళ్ళ కాలేజీకి" అన్నాడు. ఆ పుస్తకంలో ఆయనకు నచ్చిన మొదటి సంగతి అదే.

చేరినవాళ్ళు 53 మంది, చెప్పేవాళ్ళు పది మంది. 1884లో మొదటిసారి పట్టాలు పుచ్చుకున్నది ముగ్గురే. అందులో ఇద్దరు మగపిల్లలు, ఒక అమ్మాయి. ఫస్టు వచ్చింది ఆ అమ్మాయే. ఈ ఒక్క ముక్క నేను నా నోటుపుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకున్నాను. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ చేస్తానన్నప్పుడు ఇంట్లో పనికొచ్చింది.

చర్చితో సంబంధం 1952లో తెగిపోయింది. వాళ్ళ ఫుట్‌బాల్ టీమును మొదట్లో మెథడిస్టులనే పిలిచేవారట. 1912లో ఒక పేపరు క్రీడా విలేఖరి ట్రోజన్లని రాస్తే ఆ పేరు అతుక్కుపోయింది. జేజి అడిగిన సామి అట్లా వచ్చాడు.

ఓనరు మాత్రం దొరకలేదు. ఉన్నది బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్. వాళ్ళు ప్రెసిడెంటును పెడతారు, లెక్కలు చూస్తారు, అమ్ముకునే హక్కు మాత్రం లేదు. లాభం పంచుకునేవాళ్ళు లేరు. మిగిలిన డబ్బు మళ్ళీ యూనివర్సిటీకే పోవాలి. ఫీజులు గట్టిగానే ఉంటాయి, అందులో మొహమాటం లేదు. వాటితో పాటు ఒక శాశ్వత నిధి ఉంటుంది. దాన్ని పెట్టుబడుల్లో పెట్టి, ఏటా వచ్చే దాంట్లో కొంత స్కాలర్‌షిప్పులకు, జీతాలకు వాడతారు. భవనాలు ఎక్కువగా దాతల డబ్బుతో లేచినవే. పెద్ద లైబ్రరీ డోహెనీ అనే ఆయిలు వ్యాపారి ఇచ్చినది. కొడుకు చనిపోతే, వాడి జ్ఞాపకంగా కట్టించాడు. 1932లో తెరిచారు. అమ్మకు ఆ పుస్తకంలో గుర్తున్నది ఆ తండ్రి కథ ఒక్కటే.

"అంటే వీళ్ళు కూడా డొనేషన్ తీసుకుంటారన్న మాట" అన్నాడు నాయన, దొంగ దొరికినంత సంబరంగా.

"తీసుకుంటారు నాయనా. సీటిచ్చేముందు కాదు. చదివి పోయి, సంపాదించుకున్నాక వాళ్ళే ఇస్తారు."

"ఎందుకిస్తారు? సర్టిఫికెట్లు చేతికొచ్చేసినాయి గదా?"

దీనికీ అన్న దగ్గర సమాధానం లేదు.

అప్లికేషన్లు, సీలు వేసిన కవర్లలో మార్కుల లిస్టులు, జీఆర్ఈ, టోఫెల్, బ్యాంకు బ్యాలెన్సు కాగితాలు, ఆ టెన్షన్ అంతా ఆ కాలంలో వెళ్ళిన ప్రతి ఇంటిదీ ఒకటే. మళ్ళీ చెప్పను. సీటు వచ్చింది, స్కాలర్‌షిప్పు సాయం రాలేదు. డాలరు అప్పుడు 35 రూపాయల చిల్లర. అక్కడ ఫీజు యూనిట్ల లెక్కన, అంటే తీసుకున్న కోర్సుల బరువును బట్టి, కట్టాలి. నాయన ఒక యూనిట్ ఫీజును రూపాయల్లోకి మార్చి, తన జీతం పక్కన వేసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బుక్కరాయసముద్రం దగ్గర మా చెనక్కాయ చేను అమ్మేశాం. "ప్రైవేటుకు చేను పోయింది" అని జేజి వీధరుగు మీద అందరికీ చెప్పింది. 1992లో లాస్ ఏంజిల్స్‌లో పెద్ద అల్లర్లు జరిగాయని, 1994లో భూకంపం వచ్చిందని పేపర్లు చదివే బంధువులు వచ్చి చెప్పిపోయారు. మద్రాసులో జెమినీ ఫ్లైఓవర్ దగ్గరి కాన్సులేటు ముందు తెల్లారకముందే క్యూలో నిలబడి అన్న వీసా తెచ్చుకున్నాడు. 1996 ఆగస్టులో వెళ్ళాడు.

అన్న ఉత్తరాలు బాగా రాసేవాడు. మనిషిని బట్టి సంగతి రాసేవాడు. నాయనకు వాన లెక్కలు. లాస్ ఏంజిల్స్‌లో ఏడాదికి సగటున కురిసేది 370 మిల్లీమీటర్ల చిల్లరేనట. మన అనంతపురంలో 550 దాకా పడుతుంది. కరువు జిల్లా అని పేరు మనకు, పచ్చిక బయళ్ళు వాళ్ళకు. 1913లోనే దాదాపు 375 కిలోమీటర్ల దూరం నుంచి కాలువ తవ్వి నీళ్ళు తెచ్చుకున్నారని రాశాడు. ఆ ఉత్తరాన్ని నాయన స్కూలుకు తీసుకుపోయి స్టాఫ్ రూములో చదివాడు. మా జిల్లాకు వచ్చే తుంగభద్ర హైలెవెల్ కాలువ నీళ్ళ మీద ఆ రోజు పెద్ద వాదనే జరిగిందట.

అమ్మకు రాసింది ఇంకో సంగతి. క్యాంపస్‌కు రోడ్డు అవతలే కొలీజియం అనే పెద్ద స్టేడియం ఉంది. 1984 ఆగస్టులో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది అక్కడే. 55.42 సెకన్లు. కంచు పతకం గెలిచిన రొమేనియా అమ్మాయిది 55.41. ఆ ఒలింపిక్స్‌కు వచ్చిన ఆటగాళ్ళకు బస ఇచ్చిన చోట్లలో ఈ క్యాంపస్ ఒకటి. ఈత పోటీలు క్యాంపస్ లోపలే జరిగాయి. మా అమ్మ అప్పట్లో పేపర్లో వచ్చిన ఉష ఫోటో కత్తిరించి కుట్టుమిషన్ చెక్కకు అతికించుకుంది. 1996 నాటికి ఆ కాగితం పసుపు పట్టి, మొహం అరిగిపోయి ఉంది. అన్న ఉత్తరం వచ్చాక అమ్మకు యూనివర్సిటీ మీద ఒక నమ్మకం కుదిరింది. "ఉష పరిగెత్తిన చోటు" అనే చెప్పేది అందరికీ, పేరు చెప్పేది కాదు. 1932లో అదే స్టేడియంలో ధ్యాన్‌చంద్ వాళ్ళు అమెరికాను హాకీలో 24-1తో ఓడించారని అన్న కింద ఒక లైను చేర్చాడు. అది నాయన కోసం.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు తగాదా మొదలైంది నవంబరులో.

అదే ఊళ్ళో, పడమటి దిక్కున, ఇంకో యూనివర్సిటీ ఉంది. యూసీఎల్ఏ. కాలిఫోర్నియా రాష్ట్రానిది, 1919లో పెట్టినది. మా అన్నవాళ్ళది దానికన్నా 39 ఏళ్ళు పెద్ద. ఈ రెండింటికీ మధ్య ఏటా ఒక ఫుట్‌బాల్ ఆట ఉంటుంది, మన ఫుట్‌బాల్ కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ఆ వారమంతా టామీ ట్రోజన్ విగ్రహానికి ముసుగు కట్టేస్తారు, అవతలివాళ్ళు రాత్రిపూట వచ్చి రంగు పూస్తారని. పిల్లలు కాపలా పడుకుంటారు. అన్న ఇదంతా సరదాగా రాశాడు. నాయన ఉత్తరంలో పట్టుకున్నది ఒకే మాట, ఆ రెండోది గవర్నమెంటుది.

ఆ రోజు నుంచి మా నాయన యూసీఎల్ఏ పార్టీ. చేను అమ్మి ఒక యూనివర్సిటీకి ఫీజు కట్టి, ఇంకో యూనివర్సిటీ గెలవాలని కోరుకున్న తండ్రి రాయలసీమలో ఇంకొకరు ఉండరు. ఎదురింటి ఫోనుకు అన్న కాల్ చేస్తే, బాగోగులు అయ్యాక నాయన అడిగేది, "మనోళ్ళు గెలిచినారా?" మనోళ్ళంటే ఎవరో అన్నకు తెలుసు. పాపం, అన్న టైము కూడా బాగాలేదు. 1991 నుంచి 1998 దాకా వరుసగా ఎనిమిదేళ్ళు యూసీఎల్ఏనే గెలిచింది. అందులో మూడు అన్న అక్కడ ఉండగానే. "ఎంతైనా గవర్నమెంటు గవర్నమెంటే" అని నాయన ఫోను పెట్టేసి, ఎదురింటాయనకు కూడా ఆ సంగతి వివరించేవాడు. ఆయన రెవెన్యూ డిపార్టుమెంటులో పనిచేసేవాడు, వెంటనే ఒప్పుకునేవాడు.

అన్న ఎమ్మెస్ అయ్యాక పీహెచ్‌డీకి అక్కడే ఉండిపోయాడు. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ దొరికింది. ఫీజు కట్టక్కర్లేదు, పైగా నెలకింత చేతికిస్తారు. ఇంట్లో అది పండగ. నాయన మాత్రం ఆ డబ్బు ఎక్కడిదో తేలాలన్నాడు. అన్న విడమరిచి రాశాడు. ప్రొఫెసరు ఒక పరిశోధన అనుకుంటాడు. ప్రపోజలు రాసి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కో, రక్షణ శాఖకో, నాసాకో పంపుతాడు. దేశమంతటి నుంచి అట్లాంటివి వస్తాయి. అదే రంగంలోని వేరే ప్రొఫెసర్లు చదివి మార్కులు వేస్తారు. గెలిచినవాళ్ళకు డబ్బు వస్తుంది. అందులోంచి పిల్లలకు జీతం, పరికరాలు, కొంత భాగం యూనివర్సిటీ ఖర్చులకు. కంపెనీలు, ఫౌండేషన్లు కూడా ఇస్తాయి గానీ ఎక్కువ భాగం ఫెడరల్ ప్రభుత్వానిదే.

నాయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. "అంటే రీసెర్చికి డబ్బు గవర్నమెంటుదే గదా! పేరుకు ప్రైవేటు!"

ఆ రోజు మా ఇంట్లో ఓలిగలు చేశారు. కారణం అన్న జీతమో, నాయన గెలుపో ఇప్పటికీ తెలీదు.

నాకు ఆ ఏర్పాటు అర్థమవడానికి ఇంకా చానా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నేనూ లెక్కలే చెప్తున్నాను. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి "ప్రైవేటు యూనివర్సిటీ అంట మేడం, మంచిదేనా?" అంటారు. అన్న చదివిన యూనివర్సిటీలో ఇప్పుడు 47 వేల మంది దాకా ఉన్నారు, సగానికి పైగా పీజీ, పీహెచ్‌డీ వాళ్ళే. అన్న చేరినప్పుడు ముప్పై వేల లోపే. చానా ఏళ్ళు అమెరికా మొత్తంలో విదేశీ విద్యార్థులు ఎక్కువున్నది అక్కడే. ఎమ్మెస్‌కు వెళ్ళే పిల్లలు ఫీజు కట్టేవాళ్ళు, పీహెచ్‌డీ పిల్లలు జీతం తీసుకునేవాళ్ళు. ఒకే గేటు, రెండు రకాల లెక్క. ఈ తేడా చెప్పకుండా క్యాంపస్ ఫోటోలు చూపించి పంపించే ఏజెంట్లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సాయం వస్తుందని అనుకుని పోవద్దు, వస్తే సంతోషం, అని మాత్రం చెప్తాను.

సరే, మళ్ళీ అన్న దగ్గరికి. 1998 డిసెంబరులో సెలవులకు వచ్చాడు. నేను అప్పుడు శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. "నువ్వు చేసేదేంది అసలు?" అని అడిగితే, ఆర్టీసీ బస్టాండులో నిలబడి చెప్పాడు. మైకు గరగరమంటా ఏదో చెప్పింది. నాకు వినపడింది "...పల్లి... గుబ్బ..." అంతే.

"ఏ బస్సది?" అన్నాడు.

"కదిరి."

"ఎట్ల చెప్పినావు? పల్లి అంటే చెన్నేకొత్తపల్లి కూడా కావచ్చు గదా, హిందూపురం బస్సు?"

"చెన్నేకొత్తపల్లి తర్వాత గుబ్బ యాడుంది? బత్తలపల్లి తర్వాతే ముదిగుబ్బ."

"అదీ. పల్లి విన్నప్పుడు నువ్వు తేల్చలేదు. రెండు దార్లూ మనసులో పెట్టుకున్నావు. గుబ్బ వినపడగానే కుదరని దారి కొట్టేసినావు. సెల్‌ఫోన్లో మాట గాలిలో చెడిపోయి వస్తుంది. ఒక్కో ముక్కను విడివిడిగా తేల్చకుండా, మొత్తం దారిని ఊహించాల. ఒక్కో చోటికి చేరే దార్లలో బాగా కుదిరేది ఒక్కటే ఉంచుకుని తక్కినవి వదిలేస్తా పోవాల." దాన్ని విటర్బీ అల్గారిథమ్ అంటారని, కనిపెట్టిన ఆండ్రూ విటర్బీ ఇటలీలో పుట్టి, యుద్ధ కాలంలో చిన్నపిల్లోడిగా అమెరికా చేరి, 1962లో తమ యూనివర్సిటీలోనే పీహెచ్‌డీ చేశాడని గొప్పగా చెప్పాడు. తర్వాత క్వాల్‌కామ్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు.

ఇంటికొచ్చాక నాయన ముందర కూడా అదే గొప్ప. నాయన ఊరకే ఉంటాడా. "ఆ అల్గారిథమ్ రాసింది ఏ సంవత్సరం?" 1967. "అప్పుడు యాడ పనిచేస్తుండె?"

అన్న కాసేపు చెనక్కాయలు ఒలిచాడు. "యూసీఎల్ఏలో" అన్నాడు.

ఇంకోసారి కూడా ఇట్లాగే జరిగింది. మా ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక సప్తగిరి సర్కిల్ దగ్గర కూర్చుని నేను మొదటి ఈమెయిల్ పంపాను. డాట్ కామ్ అని పేరు కొడితే ఎక్కడో ఉన్న కంప్యూటరు దొరికే ఈ పద్ధతిని 1983లో తయారు చేసింది తమ యూనివర్సిటీకి చెందిన సంస్థలోనేనని అన్న జవాబు రాశాడు. సముద్రం ఒడ్డున మెరీనా డెల్ రే అనే చోట ఉంటుంది. పాల్ మొకపెట్రిస్, జాన్ పోస్టెల్ అనే ఇద్దరి పని అది. పోస్టెల్ ఇంటర్నెట్ నంబర్ల లెక్కంతా చూసేవాడు, 1998 అక్టోబరులో 55 ఏళ్ళకే పోయాడు. ప్రింటు తీసి నాయనకు చూపించాను. ఈసారి ఆయన ఏం అడుగుతాడో నాకు తెలుసు, ముందే అన్నను అడిగి పెట్టుకున్నాను. పోస్టెల్ చదివింది యూసీఎల్ఏలో. పీహెచ్‌డీ దాకా అక్కడే. నాయన క్యాలెండరు వెనకాల ఏదో గీత గీసుకున్నాడు.

అన్న వదులుతాడా. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎమ్మెస్ పట్టా తమదేనని, 1970లో తీసుకున్నాడని ఒక ఫోనులో. కెమిస్ట్రీలో జార్జ్ ఓలా 1994లో నోబెల్ తెచ్చాడని ఇంకో ఫోనులో. 1999లో ఎట్టకేలకు ఫుట్‌బాల్ గెలిచారు, 17-7. ఆ రోజు ఎదురింటి ఫోను మన టైములో తెల్లారకముందే మోగింది. ఎదురింటాయన లుంగీ మీద పరిగెత్తుకొచ్చాడు, ఏం కొంప మునిగిందోనని.

2001 మేలో పట్టాల పండక్కి అమ్మానాయన వెళ్ళారు. నేను వెళ్ళలేదు, అప్పుడే ఉద్యోగంలో చేరాను. ఇదంతా అమ్మ చెప్పినది. నాయన క్యాంపస్ అంతా కాలినడకన తిరిగాడు. మొదట కట్టిన 1880 నాటి చెక్క ఇల్లు ఇంకా ఉంది, విడ్నీ పేరుతో. తెల్లరంగు, రెండంతస్తులు. దాని ముందు చానాసేపు నిలబడి, "యాభై ముగ్గురూ దీంట్లోనేనా?" అన్నాడట. పంచాయితీ బడుల్లో ఇంతకన్నా ఇరుకు చూసినవాడు, ఆశ్చర్యం కాదు, మెచ్చుకోలే అది. అమ్మ కొలీజియం గేటు దాకా పోయి, లోపలికి పోనీయకపోతే కమ్మీల్లోంచి చూసి వచ్చింది.

ఇక నాయన యూసీఎల్ఏ చూడాలన్నాడు. అన్న పని ఉందన్నాడు. నాయన చీటీ మీద స్టాపు పేరు రాయించుకుని, అమ్మను తీసుకుని సిటీ బస్సెక్కి వెస్ట్‌వుడ్ పోయి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. నెత్తిన నీలం రంగు టోపీ, దానిమీద నాలుగు అక్షరాలు. మర్నాడు ఎండ ఎక్కువగా ఉందని చెప్పి పట్టాల పండక్కి ఆ టోపీతోనే పోయాడు. అంతా ముదురు ఎరుపు, బంగారు రంగు గౌన్లు, తోరణాలు. నడుమ పంచెకట్టు, నీలం టోపీ. అన్న మొహం ఎట్లుందో ఫోటోలో తెలుస్తుంది. అన్న పీహెచ్‌డీ గైడు మాత్రం నాయన చెయ్యి పట్టుకుని నవ్వి, తన డిగ్రీ కూడా అక్కడిదేనని మెల్లగా చెప్పాడట. నాయనకు అమెరికాలో నచ్చిన మనిషి ఆయనొక్కడే.

2004లో అన్న ఒక వార్త పంపాడు. ఆండ్రూ విటర్బీ, ఆయన భార్య ఎర్నా కలిసి ఇంజనీరింగ్ స్కూలుకు 5 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చారు. స్కూలుకు ఆయన పేరు పెట్టారు. నాయన అప్పటికి రిటైరై ఇంట్లోనే ఉన్నాడు. యూసీఎల్ఏలో పనిచేసినవాడు ఇంత డబ్బు ప్రైవేటుకు ఇవ్వడమేమిటని ఎగురుతాడనుకున్నాను. ఎగరలేదు. "చదువుకున్న చోటికి ఇచ్చినాడు" అన్నాడంతే.

వారం తిరక్కుండా పెన్షను డబ్బుల్లోంచి కొంత తీసి, తాను చదువుకున్న పల్లెటూరి హైస్కూలుకు మనియార్డరు చేశాడు. అది తిరిగొచ్చింది. ఏ పద్దు కింద జమ చేసుకోవాలో అక్కడ ఎవరికీ తెలీలేదట. నాయనే స్వయంగా బస్సెక్కి పోయాడు. విద్యార్థి కాని మనిషి బడికి డబ్బెందుకిస్తున్నాడో వాళ్ళకు అర్థం కాలేదు. ఎలక్షన్లలో నిలబడతాడేమోనని ఒక అయ్యవారు అనుమానపడ్డాడు కూడా. చివరికి డబ్బు వద్దు, వస్తువు కొనివ్వండి సార్ అన్నారు. పదో తరగతి గదికి రెండు సీలింగ్ ఫ్యాన్లు కొనిచ్చాడు. రెక్కల మీద పేరు రాయించొద్దని గట్టిగా చెప్పి మరీ వచ్చాడు. రాయించారు. ఇనీషియల్ తప్పు రాయించారు.